45 వేల డిగ్రీల సర్వరు

రాత్రి డ్యూటీలో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, మూడో ర్యాకులో సర్వరు వేడి ఎంతుందో చూద్దామని లోపలి ఫైలు తెరిచా. 45000 అని ఉంది. ఏం చెయ్యమంటావ్?"

"దాని పక్కనే నిలబడ్డావా?"

"ఆఁ."

"ఒళ్ళేమన్నా కాలుతోందా?"

కాసేపు చప్పుడు లేదు. "లేదన్నా. ఏసీకి చలేస్తోంది."

సూర్యుడి ఉపరితలం మీదే వేడి 5500 డిగ్రీల చిల్లర. మావాడి లెక్క ప్రకారం ఆ సర్వరు అలాంటి ఎనిమిది సూర్యుళ్ళ పెట్టు. సంగతేమిటంటే, లైనక్స్ కెర్నల్ వేడిని డిగ్రీల్లో రాయదు, డిగ్రీలో వెయ్యో వంతుల్లో రాస్తుంది. 45000 అంటే 45 డిగ్రీలు. కెర్నల్ లోపల దశాంశ బిందువు లెక్కల జోలికి పోరు కనక ఈ ఏర్పాటు. రూపాయలు అక్కర్లేకుండా అంతా పైసల్లోనే పద్దు రాసుకోవడం లాంటిది. ఇంకో తమాషా ఉంది. ఇంటెల్ ప్రాసెసర్‌లోని సెన్సరు ఒక డిగ్రీ కన్నా సన్నంగా కొలవలేదు. కాబట్టి ఆ ఫైల్లో చివరి మూడు అంకెలు ఎప్పుడు చూసినా సున్నాలే. వెయ్యో వంతు దాకా రాసేందుకు చోటుంది, రాయడానికే ఏమీ లేదు.

స్టాంపులు పోగేసేవాళ్ళున్నట్టు నేను ఇలాంటి అంకెలు పోగేస్తాను. అన్నిటికన్నా వేడివి, అన్నిటికన్నా చల్లవి, ఎంతకీ కదలనివి. పోగేసిన కొద్దీ నాకు తేలిందేమిటంటే, తెర మీద కనిపించేది వేడి కాదు, వేడి గురించి ఎవరో ఇచ్చిన వాంగ్మూలం. ఆ సాక్షి ఎవరు, ఎక్కడ నిలబడి చూశాడు, అతనికి ఏ అలవాట్లున్నాయి అనేవి తెలిస్తేనే అంకెకి అర్థం.

అతి చిన్న థర్మామీటరు

చిప్పు లోపల పాదరసం ఉండదు. ఉండేది ఒక డయోడు. సిలికాన్ డయోడులోకి కరెంటు పంపితే దాని రెండు కొసల మధ్యా 0.6 వోల్టు, కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ అది దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వోల్టేజి ఎంత పడిందో చూస్తే వేడి ఎంతో తెలుస్తుంది, అంతే. చిక్కేమిటంటే ఏ రెండు డయోడులూ అచ్చంగా ఒకలా తయారు కావు. అందుకని ఇంజనీర్లు ఒక యుక్తి పన్నారు. ఒకే డయోడులోకి ముందు కొద్ది కరెంటు, తరవాత దానికి పదింతలు పంపి, రెండు వోల్టేజీల తేడా చూస్తారు. ఆ తేడా డిగ్రీకి 0.2 మిల్లీవోల్టు చొప్పున పెరుగుతుంది. తయారీలోని హెచ్చుతగ్గులు అందులో చాలావరకు కొట్టుకుపోతాయి. అవతలివాడి కాటా మీద నమ్మకం లేనప్పుడు డబ్బాని ఉత్తిగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి తీసివేసుకోవడం మన కిరాణా కొట్లలో ఉన్నదే.

ఈ పని చేసే చిప్పుల్లో నేషనల్ సెమికండక్టర్ కంపెనీ తెచ్చిన ఎల్ఎం75, ఎల్ఎం78 పాతకాపులు. లైనక్స్ సర్వర్లలో వేడి చదవడానికి అందరం వాడే ఎల్ఎం-సెన్సర్స్ పేరులోని 'ఎల్ఎం' ఆ చిప్పులదే. వాటి తరవాత ఎన్నో తరాలు మారినా ఇంటిపేరు మాత్రం మారలేదు.

అతి ప్రసిద్ధమైన అబద్ధం: 127

నా నిద్ర పాడుచేసిన అంకెల్లో దీనిదే మొదటి స్థానం. చాలా ఏళ్ళ కిందట, పేరు అనవసరం, ఒక ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. రాత్రి రెండింటికి ఫోనుకి హెచ్చరిక వచ్చింది: 127 డిగ్రీలు. నీళ్ళు మరిగే వేడి దాటి ఇంకో పాతిక. స్కూటర్ మీద పది కిలోమీటర్లు వెళ్ళాను. వాచ్‌మన్ షట్టర్ లేపుతూ, "సారూ, కాలిన వాసనేం రాలేదండీ" అన్నాడు. నిజానికి ఆ రాత్రి అన్నిటికన్నా నికార్సయిన సెన్సరు అతని ముక్కే.

లోపలికి వెళ్ళి 'సెన్సర్స్' అని కొట్టాను. మూడు సెన్సర్ల పేర్లూ అంకెలూ వరసగా వచ్చాయి. సిస్టిన్ 34. సీపీయూటిన్ 41. ఆక్స్‌టిన్ 127. కవరు విప్పి, ప్రాసెసర్ వేడిని లాగేసే వేడి పలకని వేలితో తాకి చూశాను. గోరువెచ్చన. మళ్ళీ కొట్టాను, 127. పది నిమిషాలాగి కొట్టాను, 127. నిజమైన వేడి ఏదీ అంత నిలకడగా ఉండదు, ఒక డిగ్రీ పైకో కిందకో ఊగుతుంది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్లనీ వోల్టేజీలనీ కనిపెట్టే చిన్న చిప్పు ఒకటుంటుంది. దానికి మూడు చోట్ల వేడి కొలిచే కాళ్ళున్నాయి. బోర్డు చేసినవాళ్ళు రెండింటికే సెన్సర్లు తగిలించి, మూడోదాన్ని గాలికి వదిలేశారు. తీగ లేని ఆ కాలు తన కొలబద్ద చివరికెళ్ళి కూర్చుంది. గుర్తుతో సహా ఎనిమిది బిట్లలో పట్టే అంకెలు −128 నుంచి 127 దాకానే. అంటే నేను పది కిలోమీటర్లు వెళ్ళి చూసొచ్చింది వేడిని కాదు, ఆ కొలబద్ద కొసని. మర్నాడు కాన్ఫిగరేషన్ ఫైల్లో 'ఆ మూడోదాన్ని పట్టించుకోవద్దు' అని ఒక్క లైను రాశాను. ఇన్‌స్టాల్ చేసిన రోజే రాసి ఉండాల్సింది.

దీనికి పోటీగా రెండో కొస కూడా ఉంది. ఎన్‌వీఎంఈ డిస్కులు తమ వేడిని కెల్విన్లలో చెబుతాయి. చదివే ప్రోగ్రాం 273 తీసేసి మనకి చూపిస్తుంది. డిస్కు ఏ కారణం చేతో సున్నా అని జవాబిస్తే తెర మీద −273 పడుతుంది. అంతకన్నా చల్లదనం సృష్టిలోనే లేదు. ఒక పాడైపోయిన డిస్కు పైసా ఖర్చు లేకుండా పరమ శూన్యాన్ని అందుకున్నట్టు.

బావి గట్టు మీంచి కొలత

ఇంటెల్ సర్వరు బోర్డుల్లో కొన్ని 'పీ1 థర్మ్ మార్జిన్' అనే పేరుతో −45 లాంటి అంకెలు చూపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళు సర్వరు గడ్డకట్టిందేమో అనుకుంటారు.

ఇంటెల్ ప్రాసెసర్ లోపలి సెన్సరు అసలు 'ఇంత వేడి' అని చెప్పదు. 'నేను ఓర్చుకోగల హద్దుకి ఇంకా ఇంత దూరంలో ఉన్నాను' అని చెబుతుంది. బావిలో ఎన్ని మూరల నీళ్ళున్నాయని కాక, గట్టు నుంచి నీళ్ళు ఎన్ని మూరల కిందున్నాయని చెప్పడం లాంటిది. ఆ హద్దుకి టీజేమ్యాక్స్ అని పేరు. హద్దు 100, దూరం 45 అయితే, తీసివేసి 55 అని మనకి చూపించేది ప్రోగ్రామే.

మరి గట్టు ఎత్తు తెలియకపోతే? కోర్ 2 ప్రాసెసర్ల కాలంలో సరిగ్గా అదే జరిగింది. డెస్క్‌టాప్ చిప్పుల హద్దు ఎంతో ఇంటెల్ బయటపెట్టలేదు. ఒక ప్రోగ్రాం రాసినాయన 85 అనుకున్నాడు, ఇంకొకాయన 100 అనుకున్నాడు. ఒకే చిప్పు, ఒకే క్షణం, రెండు ప్రోగ్రాముల్లో పదిహేను డిగ్రీల తేడా. 2008లో ఇంటెల్ ఆ అంకెలు ప్రకటించే దాకా జనం ఎవరి ప్రోగ్రాం గొప్పదో వాదించుకుంటూనే గడిపారు. పైగా ఈ సెన్సరుని హద్దు దగ్గర పడ్డప్పుడు ఖచ్చితంగా ఉండేట్టు సరిచేస్తారు. హద్దుకి దూరమైన కొద్దీ దాని మాటకి విలువ తగ్గుతుంది. ప్రమాదం దగ్గర పడితే నిజం చెప్పి, ఖాళీగా ఉన్నప్పుడు ఉజ్జాయింపుగా మాట్లాడే మనిషనుకోండి. నాకైతే అలాంటి మనిషే నయం.

ఏఎండీది ఇంకో దారి. మా తాతయ్య గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టేవాడు, బస్సు తప్పిపోకుండా. 2017లో వచ్చిన రైజన్ 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్పులు అచ్చం ఆ గడియారాలే. అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. 45 ఉంటే 65 అనేవి. అదే ఏడు వచ్చిన థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ అయితే 27 కలిపింది. రకరకాల మోడళ్ళన్నిటికీ ఫ్యాన్లు ఒకే పద్ధతిలో తిరగాలని కావాలనే పెట్టామని ఏఎండీ చెప్పింది. తాతయ్య సంగతి తెలిసిన మేం బస్‌స్టాండుకి తీరిగ్గానే వెళ్ళేవాళ్ళం. తెలియని చుట్టాలు పరుగెత్తేవాళ్ళు. సరిగ్గా అలాగే ఆ ఏడాది ఎంతమంది అనవసరంగా పెద్ద కూలర్లు కొన్నారో.

అంతకు ముందు తరాల ఏఎండీ చిప్పుల్లో కొన్నిటి సెన్సరు ఎంత నమ్మరానిదంటే, కంపెనీయే దాన్ని తప్పుల పట్టికలో 319వ నంబరుగా రాసుకుంది. ఆ చిప్పు కనబడగానే లైనక్స్ డ్రైవరు పని చేయనని మొరాయిస్తుంది. 'ఫోర్స్' అని విడిగా చెబితే తప్ప అంకె చూపించదు. మర్యాదస్తుడైన సాఫ్ట్‌వేర్ అంటే నేను చూపించేది దీన్నే.

అతి మొండి అంకె

27.8. ఏసీపీఐటీజెడ్ అనే పేరు పక్కన ఈ అంకె చూడని లైనక్స్ మనిషి అరుదు. వేసవిలో 27.8, పుష్యమాసంలో 27.8, సర్వరు మీద పెద్ద పని పెట్టినా 27.8. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ ఈ విలువని కెల్విన్‌లో పదో వంతుల్లో ఇస్తుంది. కొలిచేందుకు సెన్సరేమీ లేని చోట, అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కనక, రాసిపెట్టిన అంకెనే అప్పజెబుతుంది. ఈ రకం సాక్షిని కోర్టు ఆవరణల్లో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అతి ఖరీదైన ప్రశ్న

ఏ సెన్సరు ఎక్కడుందో తెలియనప్పుడు బోర్డు మీది తీగల వెంట ఒక్కో చిరునామాకీ వెళ్ళి 'ఎవరైనా ఉన్నారా' అని తలుపు కొట్టే ప్రోగ్రాం ఒకటుంది, సెన్సర్స్-డిటెక్ట్. ఐబీఎం థింక్‌ప్యాడ్ పాత మోడళ్ళు కొన్నిటిలో ఒక తలుపు వెనక సెన్సరు లేదు, యంత్రం మొదలవడానికి కావలసిన వివరాలు దాచుకున్న మెమరీ చిప్పు ఉంది. చదవడం కోసం తట్టిన ఆ తట్టుడికి అందులోని సమాచారం చెడిపోయేది. మర్నాడు స్విచ్ వేస్తే యంత్రం లేవదు. 'వేడి ఎంత?' అని అడిగినందుకు ఏకంగా మదర్‌బోర్డే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ తరవాత థింక్‌ప్యాడ్‌లకంటూ విడిగా హెచ్చరిక పత్రం రాసి ప్రోగ్రాంతో పాటు పంచారు.

పెద్ద సర్వర్లలో ఈ తలుపు తట్టుడు బెడద తక్కువ. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి 1998లో ఐపీఎంఐ అనే పద్ధతి తెచ్చాయి. దాని ప్రకారం బోర్డు మీద బీఎంసీ అనే బుల్లి కంప్యూటరు విడిగా ఉంటుంది. సర్వరు ఆపేసినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు అది మేలుకునే ఉంటుంది. వేడి, ఫ్యాన్ల వేగం అడిగితే చెబుతుంది. అసలు యంత్రం చచ్చిపోయాక ఎందుకు చచ్చిందో చెప్పేది కూడా ఇదే.

నిజంగా కాలినవి

2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు ఒక పరీక్ష చేసి వీడియో తీశారు. నడుస్తున్న ప్రాసెసర్ మీది వేడి పలకని పీకేయడమే పరీక్ష. పెంటియం 4 తన వేగం తనే తగ్గించుకుని, మెల్లిగానైనా బతికి బయటపడింది. ఏఎండీ అథ్లాన్ 1400 మీంచి మాత్రం చూస్తుండగానే పొగ లేచింది. వేడి మూడొందల డిగ్రీలు దాటింది. రెండు చిప్పులకీ తేడా, వేడిని కొలిచి వెంటనే తనంత తాను తగ్గే ఏర్పాటు ఒకదానిలో ఉండటం, రెండోదానిలో లేకపోవడం. ఇవాళ ఆ ఏర్పాటు లేని ప్రాసెసర్ దాదాపు దొరకదు. ఆ పొగ వీడియో చేసిన పని ఎంతో కొంత ఉందనే నా నమ్మకం.

చిప్పు కాదు, గది మొత్తం ఓడిపోయిన రోజూ ఉంది. 2022 జులై 19న ఇంగ్లండులో మొదటిసారి ఎండ 40 డిగ్రీలు దాటింది. కానింగ్స్‌బీలో 40.3. ఆ రోజు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లలో చల్లబరిచే యంత్రాలు చేతులెత్తేశాయి. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల కంప్యూటర్లూ ఆగిపోయి, డాక్టర్లు కాగితాల మీద రాసుకున్నారు. మన రెంటచింతలలో 40 అంటే ఎండాకాలం ఇంకా మొదలవలేదని అర్థం. కానీ ఆ యంత్రాలు పెట్టింది లండన్ ఎండకి.

అతి చల్లని ప్రాసెసర్

2011 ఆగస్టు 31న ఏఎండీ ఎఫ్ఎక్స్-8150 చిప్పుని ద్రవ హీలియంతో చల్లబరిచి 8.429 గిగాహెర్ట్జ్ వేగంతో నడిపించి గిన్నిస్ రికార్డు కొట్టారు. ద్రవ నైట్రోజన్ మరిగేది −196 డిగ్రీల దగ్గర, హీలియం −269 దగ్గర. తరవాతి ఏళ్ళలో ఇంటెల్ చిప్పులు 9 గిగాహెర్ట్జ్ గీత కూడా దాటాయి, అదీ హీలియంతోనే. అంత చలిలో చిప్పు సొంత సెన్సరు మాట ఎవరూ వినరు. చల్లబరిచే రాగి గిన్నెకి థర్మోకపుల్ తీగ గుచ్చి, బయటి మీటరులో చూసుకుంటారు. రోగి స్పృహలో లేనప్పుడు ఎలా ఉందని రోగినే అడగం కదా.

డేరాలో ఐదు సర్వర్లు

ఇన్ని సెన్సర్లు పెట్టి, ఏసీలకి ఇంత కరెంటు పోసి సర్వర్లని ముద్దు చేస్తున్నాం, వాటికి అసలు ఇంత సుకుమారం ఉందా? మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లకి 2007 నవంబరులో ఈ అనుమానమే వచ్చింది. సియాటిల్ దగ్గర ఆరుబయట ఒక డేరా వేసి, అందులో ఐదు హెచ్‌పీ సర్వర్లు పెట్టారు. వాన నీళ్ళు ర్యాకు మీద కారాయి. గాలికి కంచె ముక్క ఎగిరొచ్చి మీద పడింది. ఒక సర్వరు ఆకుని పీల్చి ముఖానికి అతికించుకుంది. 2008 జూన్ దాకా ఒక్కటీ ఆగలేదు.

అదే కాలంలో ఇంటెల్ న్యూమెక్సికో ఎడారిలో 900 సర్వర్లతో ఇంకాస్త పద్ధతిగా చేసింది. వాటిలో సగానికి ఏసీ లేకుండా బయటి గాలినే, దుమ్ముతో సహా, 33 డిగ్రీల దాకా తోలింది. పది నెలల్లో ఆ సగంలో పాడైనవి 4.46 శాతం. కంపెనీ మామూలు కేంద్రంలో 3.83. యంత్రాలు దుమ్ముతో మట్టిరంగు తేలాయి గానీ పని మానలేదు.

ఇక మైక్రోసాఫ్ట్ సముద్రంలోకి దిగింది. 2018లో స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఓర్క్నీ దీవుల దగ్గర 864 సర్వర్లని ఒక ఉక్కు గొట్టంలో పెట్టి, నైట్రోజన్ నింపి, 35 మీటర్ల లోతున పడుకోబెట్టింది. రెండేళ్ళ తరవాత పైకి తీస్తే పాడైనవి నేల మీది వాటిలో ఎనిమిదో వంతే. మనిషి చెయ్యి పడకపోవడం కూడా కారణమన్నారు. సర్వరు గదిలో పనిచేసే మాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది.

డిస్కుల సంగతి మరీ వింత. గూగుల్ వాళ్ళు లక్షకి పైగా హార్డ్ డిస్కులని గమనించి 2007లో పత్రం రాశారు. వేడి పెరిగితే డిస్కులు చస్తాయని అందరి నమ్మకం. లెక్కలేమో, మరీ ఎక్కువ వేడిలో తప్ప ఆ సంబంధం పెద్దగా లేదన్నాయి. పైపెచ్చు బాగా చల్లగా ఉన్న డిస్కులే ఎక్కువ పోయాయి.

సర్వరు గదిలో వాన

2011 వేసవిలో ఆరెగాన్ రాష్ట్రం ప్రైన్‌విల్‌లో ఫేస్‌బుక్ డేటా సెంటరు లోపల వాన పడింది. ఏసీ గొట్టం పగిలి కాదు, నిజంగా మబ్బు పట్టి. ఆ కేంద్రాన్ని నీటి తుంపర్లతో, అంటే పెద్ద ఎడారి కూలర్ లాంటి పద్ధతిలో చల్లబరుస్తారు. గాలిని నియంత్రించే ఏర్పాటులో పొరపాటు జరిగి, సర్వర్ల వెనక నుంచి వచ్చిన వేడి పొడి గాలి మళ్ళీ తుంపర్ల గుండానే తిరిగింది. తేమ 95 శాతం దాటింది, గాలి వేడి 27 డిగ్రీల పైనే. ఆ గాలి చల్లని సర్వర్లకి తగలగానే నీరైంది. కొన్ని పవర్ సప్లైలు టపటపా పేలిపోయాయి. గమనించండి, ఆ గదిలో వేడి సెన్సర్ల అంకెల్లో అంత భయపడాల్సిందేమీ లేదు. సర్వర్లకి 18 నుంచి 27 డిగ్రీల దాకా శ్రేష్ఠమని ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘమే చెబుతుంది. చెప్పాల్సిన కథ పక్కనున్న తేమ మీటరులో ఉంది. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి 1500 కోట్ల డాలర్ల కేంద్రం తెస్తామని గూగుల్ ప్రకటించినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ వానే. ఆ ఊరి ఉక్కపోత తెలిసినవాణ్ణి మరి.

అతి నెమ్మదైన ఉత్తరం

2015లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండు కంప్యూటర్లని పక్కపక్కన పెట్టారు, మధ్య దూరం 40 సెంటీమీటర్ల లోపు. నెట్‌వర్క్ లేదు, తీగ లేదు, వైఫై లేదు. మొదటిది కావాలని పెద్ద లెక్కలు చేసి వేడెక్కుతుంది, ఆపి చల్లబడుతుంది. ఆ వేడి గాలి తగిలి రెండోదాని లోపలి సెన్సరు డిగ్రీ రెండు డిగ్రీలు పెరిగి తగ్గుతుంది. పెరిగితే ఒకటి, తగ్గితే సున్నా. అంతే, రహస్య సమాచారం గోడ దూకినట్టే. ఫ్యాను తిప్పడానికి పెట్టిన సెన్సరు చెవిగా మారింది. దీనికి బిట్‌విస్పర్ అని పేరు పెట్టారు.

వేగం మహా అయితే గంటకి ఎనిమిది బిట్లు. ఇంగ్లీషులో అయితే గంటకి ఒక అక్షరం. మన లిపి, మామూలుగా వాడే యూనికోడ్ పద్ధతిలో, ఒక్కో గుర్తుకీ 24 బిట్లు తింటుంది. 'అమ్మ'లో అ, మ, పొల్లు, మళ్ళీ మ, వెరసి నాలుగు గుర్తులు. కాబట్టి ఒక సర్వరు పక్క సర్వరుకి వేడితో 'అమ్మ' అని చెప్పడానికి 12 గంటలు పడుతుంది, ఈలోగా మా రాత్రి డ్యూటీ కుర్రాడు వచ్చి ఏసీ పెంచకపోతే.